షే స్టేడియంలో పాట ఎవరికి వినిపించింది?

1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో ఇంగ్లండ్ రాక్ బ్యాండు బీటిల్స్ పాడారు. జనం 55 వేల పైచిలుకు. టికెట్ల మీద వచ్చిన డబ్బు 3 లక్షల డాలర్లు దాటింది. రాక్ సంగీతం అప్పటిదాకా అంత పెద్ద కచేరీని చూడలేదు. ఆ సాయంత్రం తీసిన ఫిల్మ్‌లో ఆడపిల్లలు ఏడుస్తుంటారు, సొమ్మసిల్లి పడిపోతుంటారు, కాపలా ఉన్న పోలీసులు చెవుల్లో వేళ్లు పెట్టుకుంటారు. పాటలు మాత్రం బాగానే వినిపిస్తాయి. ఎందుకంటే స్టేడియంలో రికార్డయిన శబ్దం అలాగే వాడుకోవడానికి పనికిరాక, 1966 జనవరిలో లండన్‌లో ఒక స్టూడియోకి వెళ్లి, చాలాచోట్ల మళ్లీ పాడి, మళ్లీ వాయించి అతికించారు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లకి దక్కింది అది కాదు. డ్రమ్స్ వాయించిన రింగో స్టార్‌కే ఏమీ వినపడేది కాదు. ముందు నిలబడిన ముగ్గురి తలలు, నడుములు ఎలా కదులుతున్నాయో వెనకనుంచి చూసి, పాట ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకునేవాడినని తర్వాతెప్పుడో చెప్పాడు. వాయించేవాడి పరిస్థితే అదైతే, టికెట్టు కొని పై అంతస్తులో కూర్చున్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

60లు, 70ల నాటి రాక్ కచేరీలకి వెళ్లొచ్చినవాళ్లని కదిపితే ఇలాంటి నిట్టూర్పులు బోలెడు వినిపిస్తాయి. రికార్డులో ప్రాణం పెట్టి విన్న బ్యాండు, స్టేజీ ఎక్కేసరికి ఒకటే హోరు. గాయకుడి మాట తెలియదు, గిటార్ ఏదో కీబోర్డు ఏదో తెలియదు, చెవులు మాత్రం రెండ్రోజులు గింగురుమంటాయి. బ్యాండు తాగి వచ్చిందనీ, నిర్వాహకులు కక్కుర్తిపడి చవక మైకు సెట్టు పెట్టారనీ తిట్టుకుంటూ ఇంటికెళ్లేవాళ్లు. అవీ అబద్ధాలేం కావు. కానీ తాగకుండా, డబ్బు బాగానే ఖర్చుపెట్టి చేసిన కచేరీలు కూడా అలాగే ఏడిశాయి. నా లెక్కలో అసలు తప్పు ఇంకోచోట ఉంది. వినపడట్లేదు అంటే వాట్లు చాలట్లేదు అనుకున్నారు. శబ్దం ఎటు పోతోంది, ఎంత ఆలస్యంగా చేరుతోంది అన్నవి ఎవరూ సరిగా పట్టించుకోలేదు. ఆ రెండు ప్రశ్నలూ గట్టిగా అడగడానికి దాదాపు పదేళ్లు పట్టింది.

ముందు షే స్టేడియం లెక్కే చూద్దాం. అది బేస్‌బాల్ మైదానం. స్టేజీని మైదానం మధ్యలో, రెండో బేస్ దగ్గర కట్టారు. జనాన్ని గడ్డి మీదికి రానివ్వలేదు, అందరూ చుట్టూ గ్యాలరీల్లోనే. అంటే అందరికంటే దగ్గరగా ఉన్నవాళ్లకి కూడా బ్యాండు నలభై, యాభై మీటర్ల దూరం. గిటార్లకి ఒక్కోదానికి 100 వాట్ల వాక్స్ కంపెనీ ఆంప్లిఫయర్. అంతకు కొన్నేళ్ల ముందు వాళ్లే 30 వాట్లవి వాడేవాళ్లు కాబట్టి, అప్పటికది పెద్ద మాటే. కానీ ఆ గిటార్లకీ డ్రమ్స్‌కీ అంత పెద్ద స్టేడియం మొత్తానికి వినిపించే ఏర్పాటు లేదు. వాటి ముందున్న పెట్టెలోంచి వచ్చిందే శబ్దం. మైకుల అసలు పని పాటకే. ఆ గొంతులు కూడా చాలామందికి చేరింది స్టేడియం సొంత అనౌన్స్‌మెంట్ స్పీకర్లలోంచి. ఫలానా ఆటగాడు బ్యాటింగ్‌కి వస్తున్నాడు అని చెప్పడానికి బిగించినవి అవి. రైల్వే స్టేషన్‌లో బండి ఆలస్యం గురించి చెప్పే స్పీకర్లో మీ అభిమాన గాయకుడి పాట వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

గిటార్ పెట్టె ఎదురుగా ఒక మీటరు దూరంలో 110 డెసిబెళ్లు ఉందనుకుందాం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెళ్లు పడిపోతుంది. రెండు మీటర్ల దగ్గర 104, నాలుగు దగ్గర 98, అలా పోతూ పోతూ 64 మీటర్ల దగ్గరికొచ్చేసరికి 74. పక్క సీటులో గొంతు చించుకుంటున్న అమ్మాయి అరుపు ఒక్కటే అంతకు ఎన్నో రెట్లు. అలాంటి అరుపులు యాభై వేలు. ఇప్పుడు 100 వాట్లని 200 చేస్తే ఎంత పెరుగుతుంది? 3 డెసిబెళ్లు. చెవికి బాగా పెరిగిందని, రెట్టింపయిందని అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు కావాలి, అంటే వాట్లు పది రెట్లు. దూరంలో పోగొట్టుకున్న ఆ 36 డెసిబెళ్లూ వెనక్కి తెచ్చుకోవాలంటే నాలుగు వేల రెట్లు. వాట్లతో ఈ పందెం గెలవడం కుదరదు.

గాయకుల కష్టం ఇంకొకటి. స్టేజీ మీద వాళ్ల వైపు తిరిగి ఉండే మానిటర్ స్పీకర్లు అప్పటికి వాడుకలో లేవు. వెనక గిటార్, డ్రమ్స్ మోత, ముందు జనం అరుపులు. తన గొంతు తనకే వినపడనివాడు శ్రుతిలో ఎలా పాడతాడు? ఆ కాలపు లైవ్ టేపుల్లో గొంతులు శ్రుతి తప్పుతుంటే, గాయకుడికి ప్రతిభ లేదనే తీర్పు చెప్పేస్తుంటారు కొందరు. అన్యాయం. గొంతు వినపడాలని మైకు శబ్దం పెంచితే, స్పీకర్లోంచి వచ్చింది మళ్లీ మైకులోకే దూరి కూత పెడుతుంది. పెళ్లిపందిట్లో, గుళ్లో, బడి వార్షికోత్సవంలో మనమంతా విన్న కూతే అది. అందుకే మైకు సెట్టువాళ్లు గొంతుని ఒక హద్దు దాటి పెంచలేకపోయేవాళ్లు. గిటార్లకి ఆ హద్దు లేదు. ఏటేటా గిటార్ ఆంప్లిఫయర్లు పెద్దవయ్యాయి, గొంతు ఉన్నచోటే ఉండిపోయింది. మాటలు వినపడవు అన్న ఫిర్యాదుకి మూలం ఎక్కువగా ఇక్కడే ఉంది.

దీనికితోడు, శబ్దాన్ని కలిపి సరిచేసే మనిషి కూర్చునేది చాలాచోట్ల స్టేజీ పక్కన. జనానికి ఏం వినపడుతోందో ఆయనకి తెలిసే అవకాశమే లేదు. మిక్సింగ్ బల్లని జనం మధ్యకి తేవడం ఇప్పుడు చూస్తే మామూలు విషయం. కానీ అలా తెస్తే కొన్ని సీట్లు అమ్ముకోలేరు, స్టేజీ దాకా లావుపాటి కేబుల్ లాగాలి. నిర్వాహకులు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

ఇక హాళ్ల సంగతి. ఇది చెబితే తప్ప మిగతాది అర్థం కాదు.

రాక్ బ్యాండ్లు పెద్దవయ్యే నాటికి రాక్ కోసం కట్టిన పెద్ద హాలంటూ లేదు. ఐస్ హాకీ, బాస్కెట్‌బాల్ కోసం కట్టినవే గతి. లండన్‌లో ఎన్నో పేరున్న కచేరీలు జరిగిన వెంబ్లీ అరీనా అసలు పేరు ఎంపైర్ పూల్. 1934లో ఈత పోటీల కోసం కట్టారు. 1948 ఒలింపిక్స్‌లో ఈత పోటీలు జరిగింది అందులోనే. రాయల్ ఆల్బర్ట్ హాల్ సంగీతం కోసం 1871లో తెరిచిందే అయినా, దాని గుమ్మటం కింద ప్రతిధ్వని ఎంత పేరుమోసిందంటే, స్వరకర్తకి తన కృతి రెండుసార్లు వినిపించే హాలు ఇదొక్కటే అని జోకు. 1969లో పైకప్పు నుంచి పుట్టగొడుగుల్లాంటి ఫైబర్‌గ్లాస్ పళ్లేలు వేలాడదీశాకే అది కాస్త అదుపులోకి వచ్చింది. అమెరికాలో మన తెలుగు సంగీత దర్శకుల షోలు ఇప్పుడు జరిగేది కూడా చాలావరకు హాకీ, బాస్కెట్‌బాల్ హాళ్లలోనే. వెళ్లొచ్చినవాళ్లు బీట్ అదిరింది గానీ మాటలు తెలియలేదు అంటే, తప్పు గాయనిదనుకోకండి.

శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. మనకిది వేగమే, సంగీతానికి నత్తనడక. వంద మీటర్ల అవతల గోడకి తగిలి వెనక్కి రావడానికి 0.58 సెకన్లు. నిమిషానికి 120 దెబ్బల లయలో వాయిస్తున్న పాటలో ఒక్కో దెబ్బ మధ్య ఎడం అర సెకను. అంటే డ్రమ్మర్ కొట్టిన దెబ్బ గోడకి కొట్టుకుని తిరిగొచ్చేసరికి అతను తర్వాతి దెబ్బ కూడా కొట్టేసి ఉంటాడు. అదీ ఒక్క గోడ లెక్కే. కాంక్రీటు, ఇనుము, ఖాళీ కుర్చీలు, అన్నీ శబ్దాన్ని విసురుతూనే ఉంటాయి. ఒక్కసారి చప్పట్లు కొడితే ఆ మోత పూర్తిగా చావడానికి మంచి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు హాల్లో సుమారు 2 సెకన్లు పడుతుంది. పెద్ద స్పోర్ట్స్ హాళ్లలో 4, 5 సెకన్లు పట్టడం వింతేమీ కాదు. వయొలిన్లకి ఆ 2 సెకన్లు అందం. డ్రమ్స్‌కి, బేస్ గిటార్‌కి అదే విషం.

ఇందులో మొదట చచ్చేవి హల్లులు. త, ప, స, చ లాంటివి పొట్టిగా, సన్నగా, ఎక్కువ ఫ్రీక్వెన్సీలో పలుకుతాయి. అచ్చులకి బలం ఎక్కువ, నిడివి ఎక్కువ. ముందు మాటలోని అచ్చు హాల్లో ఇంకా మోగుతుండగానే తర్వాతి మాటలోని హల్లు వచ్చి అందులో మునిగిపోతుంది. చివరికి ఆ, ఊ, ఓ మిగులుతాయి. చెవి గుణం కూడా ఇక్కడ కలిసిరాదు. శబ్దం బాగా పెద్దదైనప్పుడు కింది స్థాయి మోత పై స్థాయి శబ్దాలని కప్పేస్తుంది. బేస్ గిటార్ రొద ఎంత పెరిగితే మాట అంత మాయమవుతుంది.

పరదాలు వేలాడదీస్తే సరిపోదా అంటే, అక్కడే చాలా హాళ్లు దెబ్బతిన్నాయి. బేస్ గిటార్ అడుగు తీగె మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. ఆ తరంగం పొడవు 8 మీటర్ల పైమాటే. అంగుళం మందం గుడ్డ దాన్ని ఏం ఆపుతుంది? పరదా పై శబ్దాలని మింగేస్తుంది, కింద రొదని వదిలేస్తుంది. జనం ఒంటి మీది బట్టలదీ అదే తీరు. అంటే హాలు నిండినకొద్దీ స్పష్టతనిచ్చే భాగం తగ్గి, గుంయ్‌మనే భాగం పెత్తనం చేస్తుంది. డెన్మార్క్‌లో నీల్స్ ఆడెల్మన్-లార్సెన్ బృందం 20 రాక్ హాళ్లని కొలిచి, అక్కడ వాయించే సంగీతకారుల్నీ సౌండ్ ఇంజనీర్లనీ అడిగి 2010లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని తేల్చింది. వెయ్యి నుంచి 6 వేల ఘనపు మీటర్ల హాళ్లలో, మంచివని పేరొచ్చిన వాటిలో మోత 0.6 నుంచి 1.2 సెకన్లలో చచ్చిపోతోంది. మంచి హాలుకీ చెడ్డ హాలుకీ తేడా తెచ్చింది ముఖ్యంగా 63 నుంచి 125 హెర్ట్జ్ మధ్య, అంటే బేస్ గిటార్, బేస్ డ్రమ్ ఉండేచోట. రాక్ కచేరీ మొదలైన యాభై ఏళ్లకి గానీ, రాక్‌కి ఎలాంటి హాలు కావాలో కొలిచి చెప్పినవాళ్లు దొరకలేదు.

ఇంకో పక్క రికార్డులు మారిపోతున్నాయి. బీటిల్స్ 'రివాల్వర్' ఆల్బమ్ 1966 ఆగస్టు 5న వచ్చింది. వారం తిరిగేసరికి అమెరికా టూర్ మొదలుపెట్టారు. ఆ టూర్‌లో ఆ ఆల్బమ్‌లోంచి ఒక్క పాట కూడా పాడలేదు. టేపు వెనక్కి తిప్పి, వేగం మార్చి, ట్రాకు మీద ట్రాకు పేర్చి చేసిన పాటల్ని నలుగురు మనుషులు కొద్దిపాటి మైకులతో ఎలా పాడతారు? ఆగస్టు 29న శాన్ ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో, సుమారు 25 వేలమంది ముందు ఆఖరి కచేరీ చేసి టూర్లకి దండం పెట్టేశారు. మిగతా బ్యాండ్లకి ఆ వెసులుబాటు లేదు. స్టూడియోలో నెలల తరబడి చెక్కిన శబ్దాన్ని రోజుకో ఊళ్లో, రోజుకో షెడ్డులో మళ్లీ పుట్టించాలి. టికెట్టు కొన్న అభిమాని దాన్ని, తన గదిలో స్టీరియో ముందు కూర్చుని విన్నదాంతో పోల్చుకుంటాడు.

పైగా లైవ్ ఆల్బమ్‌లు అతన్ని ఇంకా మోసం చేశాయి. 1975లో కిస్ బ్యాండుకి పేరు తెచ్చిన 'అలైవ్!' లాంటి లైవ్ ఆల్బమ్‌లని కూడా తర్వాత స్టూడియోలో గట్టిగానే మరమ్మతు చేశారు. అది విని టికెట్టు కొన్నవాడికి నిజం లైవ్ ఎదురైతే నిరాశ కాక ఏమొస్తుంది?

మరి ఎవరూ ఏమీ చేయలేదా? చేశారు, కాకపోతే ముందు బలంతోనే. ఇంగ్లండ్‌లో చార్లీ వాట్కిన్స్ 1967లో విండ్సర్ సంగీతోత్సవానికి ఆంప్లిఫయర్లని ఒకదానికొకటి తగిలించి 1,000 వాట్ల సెట్టు కట్టాడు. చుట్టుపక్కలవాళ్లు గోల పెట్టి ఆయన్ని కోర్టుకీడ్చారు. 1976 మే 31న లండన్‌లోని చార్ల్‌టన్ ఫుట్‌బాల్ మైదానంలో ద హూ బ్యాండు స్పీకర్ల నుంచి 32 మీటర్ల దూరంలో 126 డెసిబెళ్లు కొలిచారు. దాన్ని ఘనతగా గిన్నెస్ పుస్తకంలో ఎక్కించారు. చెవులు పాడుచేసుకోవడాన్ని ప్రోత్సహించినట్టవుతుందని ఆ తర్వాత ఆ విభాగాన్నే తీసేశారు. ఇంత మోతలో ఒక గంట ఉంటే చెవి తాత్కాలికంగా మొద్దుబారుతుంది, ముందు పై శబ్దాలకి. మిక్సింగ్ చేసే మనిషి చెవులకీ మినహాయింపు లేదు. తనకి తగ్గినట్టనిపించి ఆయన పై శబ్దాలని ఇంకాస్త పెంచుతాడు. కచేరీ చివరికొచ్చేసరికి అది జనం చెవుల్లో సూదులు గుచ్చినట్టు ఉండటానికి సగం కారణం అదే.

అందరూ ఒకే బాటలో పోలేదు. 1969లో అమెరికాలో ఉడ్‌స్టాక్ సంగీతోత్సవానికి సౌండ్ ఏర్పాట్లు చూసిన బిల్ హాన్లీ స్పీకర్లని ఎత్తయిన టవర్ల మీదికి ఎక్కించి జనం తలల మీదుగా శబ్దం పంపాడు. మైదానం వాలుగా ఉండటం కలిసొచ్చింది. నాలుగు లక్షలమంది అనే ఆ జాతరలో బురద గురించి, తిండి గురించి ఫిర్యాదులున్నాయి గానీ శబ్దం గురించి చాలా తక్కువ. పైకప్పు లేకపోవడం కూడా కలిసొచ్చిందని మరిచిపోకూడదు.

వీటన్నిటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పిచ్చి, గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండు వాళ్లది. ఔజ్లీ స్టాన్లీ అనే సౌండ్ మనిషి, ఆలెంబిక్ సంస్థ ఇంజనీర్లు కలిసి 1974లో 'వాల్ ఆఫ్ సౌండ్' అనే గోడ కట్టారు. గోడే. సుమారు 600 స్పీకర్లు, 75 టన్నుల బరువు, నడిపేది మెకింటాష్ ఆంప్లిఫయర్లు. అందులో అసలు తెలివి బరువులో లేదు. మామూలుగా అన్ని వాయిద్యాలనీ కలిపి ఒకే స్పీకర్లలోంచి పంపుతారు. ఇక్కడ ఏ వాయిద్యం స్పీకర్లు దానివే. గిటార్ ఒక స్పీకర్‌లో, గొంతు ఇంకో స్పీకర్‌లో పుడితే ఒకదాన్నొకటి కలుషితం చేసుకోవు. బ్యాండులోని ఫిల్ లెష్ బేస్ గిటార్‌కైతే నాలుగు తీగెలకీ నాలుగు దారులు. స్పీకర్లని నిలువుగా ఒకదానిమీద ఒకటి పేర్చారు. అలా పేర్చితే శబ్దం పైకీ కిందికీ చిమ్మకుండా ముందుకి, పక్కలకి పోతుంది. పైకప్పుకి తగిలేది తగ్గుతుంది, ప్రతిధ్వనీ తగ్గుతుంది.

గోడంతా బ్యాండు వెనకే ఉంది కాబట్టి జనం వినేదే వాళ్లూ వినేవాళ్లు. మానిటర్ల గొడవ లేదు. మరి మైకులు కూత పెట్టవా? ప్రతి గాయకుడికీ రెండేసి మైకులు పెట్టి, ఒకదాని సిగ్నల్‌ని తిరగేసి రెండోదానితో కలిపారు. వెనకనుంచి వచ్చే మోత రెండిట్లోనూ సమానంగా పడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గాయకుడు మాత్రం ఒక మైకుకే పెదవులు ఆనించి పాడతాడు, కాబట్టి గొంతు నిలబడుతుంది. గొంతు కొంచెం పలచగా వినపడేది, అది ఒప్పుకోవాలి. దీనికి ముందు రూపాన్ని 1973 ఫిబ్రవరిలో స్టాన్‌ఫర్డ్‌లో మొదటిసారి పరీక్షించినప్పుడు, బ్యాండు మొదటి పాట ఎత్తుకోగానే ట్వీటర్లన్నీ, అంటే పై శబ్దాలు పలికే చిన్న స్పీకర్లన్నీ, కాలిపోయాయి. అయినా వదల్లేదు.

విన్నవాళ్లు ఆ శబ్దం గురించి ఇప్పటికీ కథలుగా చెబుతారు. డబ్బు మాత్రం చెప్పుకోలేనంత కారింది. గోడ నిలబెట్టడానికి పట్టే సమయం వల్ల, ఒక ఊళ్లో వాయిస్తుండగానే తర్వాతి ఊళ్లో ఇంకో స్టేజీ కట్టించాల్సి వచ్చేది. లారీలు, డీజిలు, కూలీలు. అక్టోబరు వచ్చేసరికి గోడని పక్కనపెట్టి బ్యాండు కొంతకాలం కచేరీలే మానేసింది. శబ్దం బాగుండాలంటే ఏం చేయాలో తెలిసిపోయింది, అది చేస్తే దివాలా తీస్తారని కూడా తెలిసిపోయింది.

కాలం లెక్క తేలింది ఇంకోచోట. 1973 జులై 28న న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్‌లో ఒక్క రోజు కచేరీకి 6 లక్షలమంది వచ్చారని అంచనా. అంత దూరానికి స్టేజీ దగ్గరి స్పీకర్లు చాలవు, మధ్యలో టవర్లు పెట్టాలి. కానీ కరెంటు తీగెలో సిగ్నల్ వెంటనే పోతుంది, గాలిలో శబ్దం నత్తలా వస్తుంది. వంద మీటర్ల దగ్గరి టవర్ ముందు నిలబడినవాడికి పాట ముందు టవర్‌లోంచి, 0.29 సెకన్ల తర్వాత స్టేజీ నుంచి, రెండుసార్లు వినపడుతుంది. అందుకని అప్పుడప్పుడే వచ్చిన డిజిటల్ డిలే పరికరాలతో టవర్ సిగ్నల్‌ని అంతసేపూ ఆపి వదిలారు. రెండూ ఒకేసారి చెవిలో పడ్డాయి. ఇప్పుడు ఏ స్టేడియం కచేరీలోనైనా మధ్యలో కనిపించే స్పీకర్ టవర్ల పని ఇదే. ఒక్క వాటు పెంచకుండా స్పష్టత తెచ్చిన మార్పు ఇది.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పేయొచ్చు. 90ల మొదట్లో ఫ్రాన్స్‌లో క్రిస్టియన్ హైల్ అనే భౌతికశాస్త్రవేత్త, నిలువు వరసలో పేర్చిన స్పీకర్లు ఒకే స్పీకర్‌లా పనిచేయాలంటే మధ్య ఎడం ఎంతుండాలి, వంపు ఎంతుండాలి అని లెక్క కట్టి వీ-డాస్క్ అనే సెట్టు తయారుచేశాడు. ఇప్పుడు స్టేజీకి రెండు పక్కలా అరటిగెలల్లా వేలాడేవి దాని సంతతే. కొంత దూరం వరకు వాటి శబ్దం దూరం రెట్టింపైనప్పుడు 6 బదులు 3 డెసిబెళ్లే పడుతుంది. ముందు వరసలవాళ్ల చెవులు పగలకుండానే వెనకవాళ్లకి వినపడుతుంది. గాయకుల చెవుల్లో ఇయర్‌ఫోన్లు వచ్చాక స్టేజీ మీది మోత కూడా తగ్గింది.

లొంగనిది ఇంకా ఒకటుంది, బేస్. 8 మీటర్ల తరంగాన్ని ఒక దిక్కుకే నడిపించడం ఇప్పటికీ కష్టమే. స్టేజీకి రెండు పక్కలా సబ్‌వూఫర్లు, అంటే బేస్ పలికే పెద్ద స్పీకర్లు, పెడితే రెండిటి శబ్దాలు హాల్లో కొన్నిచోట్ల కలిసి పేలుతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే ఒకే కచేరీకి వెళ్లిన ఇద్దరు స్నేహితులు, ఒకడు బేస్ చంపేసిందనీ, ఇంకొకడు బేసే లేదనీ వాదించుకుంటే ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు.

టికెట్టు కొనేవాళ్లకి ఒక్క మాట. స్టేజీకి ఆనుకుని ఉన్న వరసలకి రేటు ఎక్కువ, శబ్దం మాత్రం అక్కడ బాగుండదు. పెద్ద స్పీకర్లు తల మీదుగా వెనక్కి కొడుతుంటాయి, ఎదురుగా డ్రమ్స్, గిటార్ పెట్టెల మోత నేరుగా తగులుతుంది, గొంతు వెతుక్కోవాల్సి వస్తుంది. సీటింగ్ మ్యాప్‌లో మిక్సింగ్ బల్ల ఎక్కడుందో చూసుకుని, దాని వెనకో పక్కనో, వీలైనంత మధ్యలో, పై బాల్కనీ నీడ తల మీద పడనిచోట తీసుకోండి. సౌండ్ ఇంజనీరు రాత్రంతా సరిచేసుకుంటూ కూర్చునేది అక్కడ తనకి వినపడేదాన్నే.